లంచం వాళ్ళది... లౌక్యం మనదా?

2011వ సంవత్సరం తొలి మూడు నెలల్లో కాలిఫోర్నియా నుంచి మన తెలుగువాళ్ళకు సంబంధించిన వార్తలు రెండు వచ్చాయి.

మొదటిది జనవరిలో. శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద ఫెడరల్ అధికారులు దాడి చేశారు. పేరుకు యూనివర్సిటీయే గానీ, అక్కడ నడిచిన అసలు వ్యాపారం ఫీజు తీసుకుని వీసా స్టేటస్ నిలబెట్టడం. పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు. అందులోనూ ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో రాసి ఉంది! కొందరి కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు వేశారని తెలిసి మనమంతా బాధపడ్డాం, మండిపడ్డాం. ఆ యూనివర్సిటీ పెట్టిన సూసన్ సూకు 2014లో కోర్టు పదహారేళ్ళకు పైగా జైలు శిక్ష వేసింది.

రెండోది మార్చిలో. భారతదేశంలో అవినీతి పోవాలంటూ ప్రవాస భారతీయులు శాండియాగోలోని మార్టిన్ లూథర్ కింగ్ పార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలోని గాంధీ విగ్రహం దాకా 'రెండో దండి యాత్ర' చేశారు. గాంధీగారు 1930లో నడిచినట్టే వీళ్ళూ 240 మైళ్ళ నడక పెట్టుకున్నారు. అందులో మన ప్రవాసాంధ్రులు ముందు వరసలో ఉన్నారు. సెలవులు పెట్టి, కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచారు. నిజంగా మెచ్చుకోవాల్సిన పని.

ఈ రెండు వార్తల్లోని మనుషులు ఒకరే అని మేము అనడం లేదు. కానీ ఈ రెండు బుద్ధులూ ఒకే మనిషిలో పక్కపక్కన కాపురం ఉండగలవా అంటే... ఉండగలవు. ఉంటున్నాయి కూడా. ఇండియాలో లంచం మాటెత్తితే ఆవేశపడే కుర్రాడే, ఇక్కడ రెజ్యూమెలో లేని నాలుగేళ్ళ అనుభవం రాసేటప్పుడు చెయ్యి వణక్కుండా రాసేస్తాడు. వాడు చెడ్డవాడా? కాదు. మరి వాడి లెక్క ఏమిటి? ఆ లెక్కను కాస్త విప్పి చూద్దామనే ఈ ప్రయత్నం.

ఏది అవినీతి, ఏది 'ప్రాసెస్'?

అమెరికా క్యాంపస్‌లో మన స్టూడెంట్‌ని ఎవరినైనా అడగండి, అవినీతి అంటే ఏమిటని. టకటకా చెబుతాడు. పట్టాదారు పాసుపుస్తకానికి ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చేది, డ్రైవింగ్ లైసెన్సుకు ఏజెంటు చేతిలో పెట్టేది, పాస్‌పోర్టు ఎంక్వయిరీకి ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌కి 'టీ ఖర్చులకు' ఇచ్చేది, ఎలక్షన్లో ఓటుకు పంచేది. అన్నీ నిజమే. కానీ గమనించండి, ఈ జాబితాలో తప్పు చేసేవాడు ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడే. మనం కుర్చీకి ఇవతల నిలబడ్డవాళ్ళం, బాధితులం.

ఇప్పుడు ఇంకో జాబితా అడగండి. వీసా ఇంటర్వ్యూ కోసం బ్యాంకు అకౌంట్లోకి నాలుగు రోజులు అద్దెకొచ్చిన డబ్బు? క్లాసులే జరగని చోట అటెండెన్సు? ఫోన్లో మన బదులు ఇంకొకరు ఇచ్చిన ఇంటర్వ్యూ? చెయ్యని ప్రాజెక్టుకు తెచ్చిన రిఫరెన్సు? "అబ్బే, అది వేరే అండీ. అది అవినీతి కాదు, ప్రాసెస్" అంటాడు.

భాష కూడా దీనికి సాయం చేస్తుంది. మన ఊళ్ళో లంచానికి ముద్దుపేరు 'మామూలు'. రోజూ జరిగేదానికి పెట్టే పేరు తప్పుకు పెట్టేశాం, ఇక తప్పు ఎక్కడ కనబడుతుంది? ఇక్కడికొచ్చాక ఆ మాటకు తమ్ముడు పుట్టాడు: 'ఫేక్ పెట్టడం'. "ఫేక్ పెట్టావా, జెన్యూన్‌గా వెళ్తున్నావా?" అని రూమ్‌మేట్లు, అన్నం తిన్నావా అని అడిగినంత తేలిగ్గా అడుగుతున్నారు. రెండు దార్లూ సమానమైనట్టు, కావలసింది ఎంచుకోవడమే తరువాయి అన్నట్టు!

చేస్తావా అన్నది కాదు, ఎందుకు అన్నది

లారెన్స్ కోల్‌బర్గ్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1958లో షికాగో యూనివర్సిటీలో చేసిన పరిశోధనలో పిల్లలకు ఒక చిక్కు కథ చెప్పి జవాబు అడిగాడు. భార్య చావు బతుకుల్లో ఉంది, మందు ధర భర్తకు అందనంత ఎక్కువ, మందుల షాపువాడు తగ్గించడు, అప్పివ్వడు. భర్త దొంగతనం చెయ్యొచ్చా? కోల్‌బర్గ్ చూసింది చెయ్యొచ్చా వద్దా అన్న జవాబును కాదు, దాని వెనక చెప్పిన కారణాన్ని. కారణాలు మూడు మెట్లుగా కనిపించాయి. కింది మెట్టు: దొరికితే శిక్ష పడుతుందా, నాకేం లాభం? మధ్య మెట్టు: నలుగురూ ఏమనుకుంటారు, చట్టం ఏమంటుంది? పై మెట్టు: ఏది న్యాయం, నా స్థానంలో ఎవరున్నా ఇదే ఒప్పుకుంటారా?

మన పిల్లల మాటల్ని ఈ మెట్ల మీద పెట్టి చూస్తే ఒక వింత కనబడుతుంది. ఇండియాలో అవినీతి గురించి మాట్లాడేటప్పుడు పై మెట్టు మీద ఉంటారు. పేదవాడి హక్కు, ప్రజల సొమ్ము, దేశ భవిష్యత్తు! తమ ఐ-20 దగ్గరికి, రెజ్యూమె దగ్గరికి వచ్చేసరికి గబగబా కింది మెట్టుకు దిగిపోతారు: "బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరుకుతుందా?" మనవాళ్ళ సామెత ఉండనే ఉంది, దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. చదువు లేక ఇలా జరగడం లేదు. తప్పొప్పులు తెలియకా కాదు. తెలిసిన దాన్ని తనకు వర్తించకుండా పక్కకు నెట్టే విద్య ఒకటి ఉంది. దానివల్ల.

ఐదు సాకులు

ఆ విద్య గురించి గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1957లోనే రాశారు. తప్పుదారి పట్టిన కుర్రాళ్ళకు నీతి తెలియదనుకోవడం పొరపాటు, తెలుసు. కాకపోతే ముందుగా ఐదు రకాల సాకులతో మనస్సాక్షిని నిద్రపుచ్చి ఆ తర్వాత పని కానిస్తారు అన్నారు. ఆ ఐదూ మన గెస్ట్ హౌసుల్లో రోజూ వినబడేవే.

మొదటిది, "నా చేతిలో ఏముంది?" కన్సల్టెన్సీవాళ్ళే రెజ్యూమె తయారు చేశారు, వాళ్ళే పంపారు, నేను ఏమీ చెయ్యలేదు. ఇందులో సగం నిజం ఉంది. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. నెత్తిన లక్షల అప్పు, గోడ మీద క్యాలెండరు. అలాంటి వేళ ఎవరైనా ఆఫర్ లెటర్ అని చేతిలో పెడితే చదవకుండానే సంతకం పెట్టే స్థితి. ఆ భయాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ ఆ సంతకం మాత్రం నీదే నాయనా! తప్పుడు సమాచారంతో వీసా పొందాడని తేలితే అమెరికాలోకి జీవితాంతం ప్రవేశం లేకుండా చేసే నిబంధన ఉంది. అది పడేది సంతకం పెట్టినవాడి మీద. కన్సల్టెన్సీవాడు బోర్డు మార్చుకుంటాడు. నువ్వు పేరు మార్చుకోలేవు.

రెండోది, "ఎవరికి నష్టం?" ఇది అన్నిటికంటే తియ్యని సాకు. నష్టపోయినవాడు ఎదురుగా కనబడడు కదా! కనబడేలా లెక్క చెప్పుకుందాం. హెచ్‌-1బీ లాటరీకి 2023 మార్చిలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 7,58,994 వచ్చాయి. ఉన్న సీట్లు 85,000. ఆ రిజిస్ట్రేషన్లలో 4,08,891 ఒకే మనిషి పేరు మీద ఒకటికంటే ఎక్కువగా పడినవి. నిజంగా రెండు కంపెనీలు ఉద్యోగమిస్తే రెండు పడటం అప్పట్లో తప్పు కాదు. కానీ నాలుగైదు చిన్న కంపెనీలు కూడబలుక్కుని ఒకే కుర్రాడి పేరు వెయ్యడం సంగతి అందరికీ తెలుసు, ఇమిగ్రేషన్ శాఖ కూడా అనుమానాన్ని బహిరంగంగానే చెప్పింది. మరుసటి ఏడాది నుంచి ఎన్ని రిజిస్ట్రేషన్లు పడినా మనిషికి ఒకే చీటీ అని రూలు మార్చారు. 2024 మార్చిలో అర్హమైనవి 4,70,342కు పడిపోయాయి, ఒకటికంటే ఎక్కువ పడినవి 47,314కు దిగాయి. అంటే ఏమిటి? అంతకుముందు ఒకే చీటీ వేసి దేవుడికి దణ్ణం పెట్టుకున్న కుర్రాడి వంతును ఎవరో తీసుకున్నారు. వాడు సూట్‌కేసు సర్దుకుని శంషాబాద్‌లో దిగాడు. వాడూ మన తెలుగు పిల్లాడే కావచ్చు. "ఎవరికి నష్టం?" అన్న ప్రశ్నకు జవాబు వాడు.

మూడోది, "వాళ్ళకు అలాగే కావాలి." ఫ్రెషర్ ఉద్యోగానికి ఐదేళ్ళ అనుభవం అడిగే కంపెనీకి అబద్ధం చెబితే పాపమా, పరాయి విద్యార్థులమని రెండు మూడు రెట్లు ఫీజు పిండుకునే దేశంలో నీతి ఏమిటి అని వాదన. ఉక్రోషం అర్థం చేసుకోదగ్గదే. కానీ ప్రాజెక్టులో చేరాక రాని పని ఎవరు చేస్తారు? రాత్రి ఇండియా నుంచి 'సపోర్ట్' ఇచ్చే ఇంకో కుర్రాడు, పక్క సీట్లో కూర్చుని కప్పిపుచ్చే సహోద్యోగి. దెబ్బ పెద్ద కంపెనీకి తగలదు, వీళ్ళకు తగులుతుంది. మర్నాడు ఇంకో తెలుగు పేరున్న రెజ్యూమె బల్ల మీదికొస్తే మేనేజరు పెదవి విరుస్తాడు. ఆ రెజ్యూమెలో ప్రతి అక్షరం నిజమే అయినా సరే.

నాలుగోది, "వాళ్ళు మాత్రం శుద్ధులా?" ఈ సాకుకు బలం ఎక్కువ, ఎందుకంటే ఎదుటివాళ్ళ తప్పులు నిజంగానే ఉన్నాయి. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. క్లాసుల్లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు. నడిపింది సాక్షాత్తూ హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులు! ప్రభుత్వ వెబ్‌సైట్లో గుర్తింపు ఉన్న సంస్థల జాబితాలో దాని పేరు పెట్టారు. ఆరువందల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు, డాలర్లు కట్టారు. విద్యార్థుల్ని చేర్పించి కమీషన్లు తీసుకున్నారని ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు, అందులోనూ మన పేర్లే ఎక్కువ. వందల మంది పిల్లల్ని అరెస్టు చేశారు, ఎక్కువమంది దేశం విడిచి వెళ్ళారు. కంచే చేను మేసినట్టు కాదా ఇది? అవును. అందుకే 2024లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, ఫీజు కట్టిన విద్యార్థి ప్రభుత్వం మీద కాంట్రాక్టు ఉల్లంఘన కింద దావా వేసుకోవచ్చని తీర్పిచ్చింది.

అదే 2019 మార్చిలో ఇంకో బాగోతం. డబ్బున్న అమెరికన్లు తమ పిల్లలకు పేరున్న యూనివర్సిటీల్లో సీట్ల కోసం పరీక్ష మార్కులు దిద్దించారు, ఆడని ఆటల్లో ఆటగాళ్ళుగా చూపించారు. దళారి రిక్ సింగర్ సహా యాభై మంది మీద కేసులు, వాళ్ళలో 33 మంది తల్లిదండ్రులు. హాలీవుడ్ నటి ఫెలిసిటీ హఫ్‌మన్‌కు పడిన శిక్ష పద్నాలుగు రోజులు. అక్కడ పిల్లల చేతులకు బేడీలు పడలేదు, ఇక్కడ మన పిల్లలకు పడ్డాయి. ఈ తేడా అన్యాయమే, గట్టిగా అడగాల్సిందే. కానీ వాళ్ళ తప్పు వాళ్ళ ఖాతాలో ఉంటుంది, దాన్ని తెచ్చి మన ఖాతాలో జమ వేసుకోలేం. ఫార్మింగ్టన్‌లో మోసపోయిన పిల్లలున్నారు, అంతకుముందు చదివిన కాలేజీ గుర్తింపు పోయి దిక్కుతోచక చేరినవాళ్ళున్నారు. అంతా తెలిసే చేరినవాళ్ళూ ఉన్నారు. 'క్లాసు లేని కాలేజీకి ఫీజు ఎందుకు కడుతున్నాను?' అన్న ప్రశ్న ప్రభుత్వం వల వేసినా వెయ్యకపోయినా అడగాల్సిందే.

ఐదోది, "నా కోసమా? ఇంటి కోసం." దీని ముందు మిగతా నాలుగూ వెలవెలబోతాయి. చెల్లెలి పెళ్ళి, పొలం మీద అప్పు, గల్ఫ్‌లో ఎండకు మాడుతూ నెలనెలా పంపిన నాన్న చెమట. ఈ పేజీ చదివేవాళ్ళలో దుబాయ్‌లో, కువైట్‌లో, మస్కట్‌లో కష్టపడుతూ కొడుకునో కూతురునో అమెరికా పంపిన తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ళ ముఖం గుర్తొచ్చి తప్పు చేశానంటే ఎవరికి మాత్రం కోపం వస్తుంది? కానీ ఒక్క సంగతి ఆలోచించండి. లంచం తీసుకున్న ఎమ్మార్వో కూడా ఇదే మాట అంటాడు. ఆయనకూ కూతురి పెళ్ళి ఉంది, కొడుక్కి డొనేషన్ సీటు కావాలి, ఇంటి లోను ఉంది. 'పెళ్ళాం బిడ్డల కోసం' అనే మాట మన కుర్రాడి నోట్లో త్యాగమూ, ఆయన నోట్లో అవినీతీ ఎలా అవుతాయి? అసలు మడతపేచీ ఇక్కడే ఉంది. మన తప్పుకు మనం చెప్పే కారణాలూ, వాళ్ళ తప్పుకు వాళ్ళు చెప్పే కారణాలూ ఒకటే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

ఊరు మారితే బుద్ధి మారుతుందా?

"ఇండియాలో అలవాటైపోయింది, ఏం చేస్తాం, రక్తంలో ఉంది" అనేవాళ్ళున్నారు. అది నిజం కాదని చెప్పే పరిశోధన ఒకటి ఉంది. అబిగైల్ బార్, డానిలా సెర్రా అనే ఇద్దరు 2005లో ఆక్స్‌ఫర్డ్‌లో రకరకాల దేశాల నుంచి వచ్చిన విద్యార్థుల చేత లంచం ఇచ్చిపుచ్చుకునే ఆట ఒకటి ఆడించారు. డిగ్రీ చదివే కుర్రవాళ్ళలో, స్వదేశంలో అవినీతి ఎక్కువగా ఉన్నవాళ్ళు లంచం వైపు ఎక్కువ మొగ్గారు. పైచదువులకు వచ్చిన పెద్ద విద్యార్థుల్లో మాత్రం ఏ దేశంవాడన్న దానికీ, ఎలా ఆడాడన్న దానికీ సంబంధం కనబడలేదు. 2007లో మళ్ళీ చేస్తే ఇంకో సంగతి తేలింది, బ్రిటన్‌లో ఎక్కువ కాలం ఉన్నకొద్దీ లంచం ఇచ్చే ధోరణి తగ్గింది. అలవాటు వెంట వస్తుంది, కానీ వదిలించుకోలేనిది కాదు. అమెరికాకు ఎక్కువగా ఎమ్మెస్‌కే వచ్చే మన పిల్లలకు ఇది ఊరటనిచ్చే మాట, ఆ పైన బాధ్యత గుర్తుచేసే మాట.

న్యూయార్కులో ఇంకో ముచ్చట. ఐక్యరాజ్యసమితిలో పనిచేసే దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానా కట్టకపోయినా చట్టం నుంచి రక్షణ ఉండేది. 1997 నుంచి 2002 దాకా కట్టని టికెట్లు లక్షన్నర దాటాయి. ఫిస్మన్, మిగెల్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, అవినీతి ఎక్కువున్న దేశాలవాళ్ళే ఎక్కువ ఎగ్గొట్టారని తేలింది. 2002 చివర్లో నగరం బాకీదారుల ప్రత్యేక నంబరు ప్లేట్లు లాగేసుకోవడం మొదలుపెట్టగానే అందరూ బుద్ధిగా మారారు. లాటరీలో జరిగినట్టే! రూలు బిగిస్తే మనిషి దారిలోకి వస్తాడన్న మాట. మంచిదే. కానీ రూలు బిగిసేటప్పుడు అది దొంగనొక్కడినే పట్టుకోదు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పుడు ముందుకు తెచ్చిన మాట ఈ వీసా దుర్వినియోగం. అది సాకో, నిజమైన కారణమో వాదించుకోవచ్చు. సాకు అందించింది ఎవరన్నది కూడా ఆలోచించుకోవాలి కదా?

ఇంకో పరిశోధన మనకు మరీ దగ్గరిది. రేమా హన్నా, షింగ్-యి వాంగ్ అనే ఇద్దరు బెంగళూరు కాలేజీ విద్యార్థుల చేతికి పాచిక ఇచ్చి 42 సార్లు వేసుకోమన్నారు. ఎంత పడిందో ఎవరూ చూడరు, ఎవరికి వాళ్ళే రాసుకోవాలి, ఎక్కువ పడితే ఎక్కువ డబ్బు. ఎక్కువ మోసం చేసినవాళ్ళే ప్రభుత్వ ఉద్యోగం కావాలని ఎక్కువగా కోరుకున్నారని 2017లో అచ్చయిన ఆ వ్యాసం చెబుతుంది. మనం తిట్టుకునే ఆఫీసరు ఆకాశం నుంచి ఊడిపడలేదు. నిన్న కాలేజీ బెంచీ మీద కూర్చుని పాచిక వేసుకున్నవాడే.

ప్రైవేటువాడూ అంతే. అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీయే చదివి వెళ్ళిన రామలింగరాజుగారు వేలమందికి అన్నం పెట్టిన సత్యం కంపెనీని కట్టారు. 2009 జనవరి 7న ఆయనే రాసిన ఉత్తరం ప్రకారం, లెక్కల్లో మొదట ఉన్నది చిన్న తేడా. ఏటికేడు దాన్ని కప్పుకుంటూ పోతే వేల కోట్ల గొయ్యి అయింది. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయన్నీ మరో తొమ్మిది మందినీ దోషులుగా తేల్చి ఏడేళ్ళ శిక్ష వేసింది, అప్పీలు చేశాక ఆ శిక్ష అమలును కోర్టు నిలిపివేసింది. ఆ కంపెనీ కూలినప్పుడు అమెరికాలో మన ఎన్ని ఇళ్ళల్లో నిద్ర పట్టలేదో ఈ పేజీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. రెజ్యూమెలో ఆర్నెల్లు కలిపినవాడు కూడా మొదట అనుకునేది 'చిన్న తేడాయే కదా' అనే.

తిలా పాపం తలా పిడికెడు

అలాగని మొత్తం తెచ్చి ఇరవై రెండేళ్ళ పిల్లాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. వాడికి ఈ లెక్క నేర్పింది ఎవరు? ఇంటర్‌లో ప్రాక్టికల్స్ మార్కులు ఎలా వేయించుకున్నామో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంజినీరింగ్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కొచ్చి బైండింగ్ చేయిస్తే డబ్బులిచ్చింది నాన్నే. 'మేనేజ్ చేసుకోవాలిరా, లోకం తెలియాలి' అన్నది మేనమామే. లౌక్యం తెలిసినవాడిని మెచ్చుకోవడం, నిజాయితీపరుణ్ణి 'వట్టి అమాయకుడు' అని జాలిపడటం మన ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ వినిపించే పాఠం. ఇక్కడికొచ్చాక ఆ పాఠానికి సీనియర్లు రెండో భాగం చెబుతున్నారు. ట్రై-వ్యాలీలో కొత్తవాణ్ణి చేర్పించిన పాతవాడికి ఫీజులో వాటా ముట్టేది. స్నేహం ఎక్కడ ఆగిందో, వ్యాపారం ఎక్కడ మొదలైందో వాళ్ళకే తెలియని స్థితి.

ఇక కన్సల్టెన్సీలు. అన్నీ ఒకటి కాదు, ఒళ్ళు దాచుకోకుండా నిజమైన ఉద్యోగాలు చూపించేవాళ్ళున్నారు. కానీ ఫేక్ మీదే బతికే కన్సల్టెన్సీ యజమాని తెలుగు సంఘం సంబరాల్లో స్పాన్సరుగా వేదికెక్కి శాలువా కప్పించుకుంటుంటే, కింద కుర్చీలో కూర్చున్న స్టూడెంట్ ఏం నేర్చుకుంటాడు? ఉపన్యాసాలు ఎన్ని చెప్పినా ఆ శాలువా చెప్పే పాఠమే వాడి మనసుకు ఎక్కుతుంది.

ఏం చెయ్యొచ్చు?

నీతి బోధలతో ఇది పోదు. అమెరికా కాలేజీల్లో కాపీల మీద దశాబ్దాల పాటు సర్వేలు చేసిన రట్గర్స్ ప్రొఫెసర్ డొనాల్డ్ మెక్‌కేబ్ గమనించినదేమిటంటే, విద్యార్థులే ప్రమాణం చేసి నిలబెట్టుకునే 'ఆనర్ కోడ్' ఉన్న కాలేజీల్లో కాపీలు తక్కువ. కాపలా ఎక్కువై కాదు, తోటివాళ్ళ ముందు తల దించుకోవాల్సి వస్తుందన్న భావన వల్ల. అంటే మందు తోటివాళ్ళ దగ్గరే ఉంది. 'ఫేక్ పెట్టావా?' అన్న ప్రశ్న సిగ్గుపడే ప్రశ్న అయ్యేదాకా ఏ చట్టమూ పూర్తిగా పనిచెయ్యదు.

సీనియర్లకు మా మాట ఒకటి. కొత్తగా వచ్చిన తమ్ముడికి, చెల్లికి మొదటి వారంలోనే చెప్పండి: స్టేటస్ సంగతి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, గెస్ట్ హౌసులో కాదు. జాబితాలో పేరుంటే చాలదని ఫార్మింగ్టన్ నేర్పింది. క్లాసులున్నాయా, పాఠం చెప్పేవాళ్ళున్నారా చూసుకో. ఎవరైనా రెజ్యూమె పంపే ముందు అది తనకు చూపించి తీరాలని అడుగు.

ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళకు ఇంకోటి. నిజం చెప్పి ఇంటర్వ్యూల్లో తప్పుతూ 90 రోజుల గడియారం కింద నలుగుతున్న పిల్లలు మీ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళకు ఒక రిఫరల్, రెండు మాక్ ఇంటర్వ్యూలు, నెల రోజులు ఒక గది. నిజాయితీగా ఉన్నవాడికి ఆసరా లేకుండా నిజాయితీగా ఉండమనడం సగం సాయమే. తెలుగు సంఘాలు ఫార్మింగ్టన్ పిల్లలకు లాయర్లను చూపించి మంచి పని చేశాయి. అరెస్టయ్యాక చేసే ఆ సాయంలో సగం ముందే చేస్తే అరెస్టుల దాకా రాదు.

తల్లిదండ్రులకు చివరగా. ఫోన్ చేసినప్పుడు 'జాబ్ వచ్చిందా?' అని ఒక్కటే అడక్కండి. 'రాకపోతే ఫర్వాలేదు, వచ్చెయ్, చూసుకుందాం' అన్న మాట ఒక్కసారి వాడి చెవిన వెయ్యండి. అప్పు పెద్దదే. కానీ వెనక్కి వచ్చే దారి ఉందని తెలిసినవాడు అడ్డదారి తొక్కడానికి ఒక నిమిషం ఆలోచిస్తాడు. ఆ నిమిషమే వాడిని కాపాడొచ్చు.

పిల్లలకు మేము చెప్పేది ఇంతే. మీరు ఇండియా గురించి అడిగే ప్రశ్నలు సరైనవే, వాటిని అడగడం మానకండి. కాకపోతే ఫారం నింపేటప్పుడు, రెజ్యూమె పంపేటప్పుడు 'దొరుకుతానా?' అని కాకుండా 'ఇది ఎవరి వంతు?' అని ఒక్కసారి అడిగి చూడండి. మన ఊరి ఆఫీసులో క్యూలో నిలబడ్డ పెద్దాయనను పక్కకు నెట్టి, డబ్బిచ్చినవాణ్ణి లోపలికి పంపితే మీకు మండుతుంది కదా? ఇక్కడ కూడా క్యూ ఉంది. అందులో నిలబడ్డవాడి ముఖం మీకు కనబడటం లేదు, అంతే తేడా.